రాత్రి బ్యాకప్ సర్వర్‌కు చేరనప్పుడు: ఫైల్ బదిలీ ఏ మెట్టులో ఆగిందో కనిపెట్టే పద్ధతి

అర్ధరాత్రి దాటాక క్రాన్ (లినక్స్‌లో చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) నడిపే బ్యాకప్ స్క్రిప్ట్ నెలల తరబడి సజావుగా సాగి, ఒకరోజు హఠాత్తుగా ఆగిపోతే, మనలో చాలామంది చేసే మొదటి పని దాన్ని తెరిచి ఏదో ఒకటి మార్చడం. పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేస్తాం, టైమ్‌ఔట్ పెంచుతాం, సర్వర్ పేరు తీసేసి ఐపీ అడ్రస్ పెడతాం. ఒక్కోసారి దానితో పని జరిగిపోతుంది కూడా. కానీ ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు నడిచిందో తెలియదు కాబట్టి కొన్నాళ్లకు అదే తంతు తిరిగి మొదలవుతుంది. అందుకే ఏదీ మార్చకముందు, కనెక్షన్ ఎంతవరకు వెళ్లి ఆగిందో తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. సర్వర్ పేరుకు అడ్రస్ దొరకడం, ఆ అడ్రస్‌లోని పోర్టు తలుపు తీయడం, ఎన్‌క్రిప్షన్ ఉంటే అది కుదరడం, లాగిన్ కావడం, డేటా వెళ్లే దారి తెరుచుకోవడం, ఫైలు డిస్క్ మీదికి ఎక్కడం, అంతా అందిందన్న జవాబు తిరిగి రావడం అనే మెట్లను ప్రతి బదిలీ ఇదే వరుసలో ఎక్కుతుంది. ఆగిన మెట్టు తెలిస్తే, చూడవలసిన చోట్లు రెండో మూడో మాత్రమే మిగులుతాయి.

ముందుగా లాగ్ మాట్లాడాలి

చాలా స్క్రిప్టులు తమ అవుట్‌పుట్‌ను, ఎర్రర్లను కలిపి డెవ్ నల్‌లో, అంటే రాసిందల్లా మాయమయ్యే ఫైలులో, పారేస్తాయి. రోజూ వచ్చే మెయిల్ విసిగించిందని ఎవరో ఎప్పుడో అలా రాసి ఉంటారు. ముందు ఆ పని మాన్పించి, రెండు ధారలనూ ఒక లాగ్ ఫైలులోకి మళ్లించాలి. ప్రతి దశకు ముందు, తరువాత తేదీ, గంట, నిమిషం, సెకను ముద్రించాలి. సెకన్లు ఎందుకంటే, రెండో సెకనులోనే పడిపోయిన కనెక్షన్‌కూ, రెండు నిమిషాలు ఎదురుచూసి పడిపోయిన కనెక్షన్‌కూ కారణాలు దాదాపు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి.

తరువాత చూడవలసినది ఎగ్జిట్ కోడ్, అంటే కమాండ్ ముగిసేటప్పుడు తన ఫలితంగా వదిలే సంఖ్య. బదిలీ కమాండ్ ముగిసిన మరుక్షణమే ఆ విలువను ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి. మధ్యలో ఒక్క ఎకో (వాక్యం ముద్రించే కమాండ్) లైను వచ్చినా, మీరు చూసేది ఆ ఎకో విజయాన్నే తప్ప బదిలీ ఫలితాన్ని కాదు. ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా కట్టే టార్ అవుట్‌పుట్‌ను పైపు ద్వారా, దూరపు యంత్రానికి ఎన్‌క్రిప్షన్‌తో కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌కు పంపే స్క్రిప్టుల్లో ఇంకో చిక్కు ఉంది. షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) మామూలుగా పైపులోని చివరి కమాండ్ కోడ్‌నే చెబుతుంది కాబట్టి, టార్ మధ్యలో కూలిపోయినా మొత్తం సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది. బ్యాష్ అనే షెల్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెడితే ఈ మోసం ఆగుతుంది.

కోడ్ చేతికి వచ్చాక సగం వెతుకులాట తీరినట్టే. ఫైళ్లను పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ 255 ఇస్తే లోపం ఆర్‌సింక్‌ది కాదు, దాని కింద నడిచే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్‌ది. 30 అంటే డేటా పంపడంలోనో అందుకోవడంలోనో గడువు దాటింది. 12 అంటే అవతలి వైపు ప్రోగ్రామ్ మధ్యలో మాయమైంది, చాలాసార్లు దీని వెనుక డిస్క్ నిండిపోవడమో, అవతల ఆర్‌సింక్ అసలు లేకపోవడమో ఉంటుంది. 23 అంటే కొన్ని ఫైళ్లు వెళ్లలేదు, ఎక్కువగా అనుమతుల గొడవ. 24 అంటే జాబితా తయారైన తరువాత కొన్ని ఫైళ్లు కనబడకుండా పోయాయి. నిరంతరం మారే డైరెక్టరీని బ్యాకప్ చేసేటప్పుడు ఇది సహజమే కాబట్టి, 24 వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి ఎవరినీ లేపనవసరం లేదు. బదిలీకి కర్ల్ అనే ప్రోగ్రామ్ వాడేవారికి 6 అంటే పేరుకు అడ్రస్ దొరకలేదని, 7 అంటే పోర్టును చేరలేకపోయిందని, 28 అంటే గడువు దాటిందని, 67 అంటే లాగిన్‌ను సర్వర్ ఒప్పుకోలేదని అర్థం.

చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో నడవదు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఊరటగానే ఉంటుంది. ఎందుకంటే నెట్‌వర్క్, సర్వర్, పాస్‌వర్డ్ అన్నీ బాగున్నాయని ఆ ఒక్క ముక్కతోనే తేలిపోతుంది. మిగిలింది మీ షెల్‌కూ క్రాన్ ఇచ్చే షెల్‌కూ మధ్య ఉన్న తేడా. క్రాన్ మీ ప్రొఫైల్ ఫైళ్లను చదవదు. అది ఇచ్చే పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే డైరెక్టరీల జాబితా) సాధారణంగా యూఎస్ఆర్ బిన్, బిన్ అనే రెండు డైరెక్టరీలకే పరిమితం, షెల్ బ్యాష్ కాకుండా ఎస్‌హెచ్. కాబట్టి మీరు యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టుకున్న ప్రోగ్రామ్ దానికి కనబడదు, బ్యాష్‌కు మాత్రమే తెలిసిన వాక్యనిర్మాణం దానికి అర్థం కాదు.

కనెక్షన్ విషయంలో దీనికంటే ముఖ్యమైనది యూజర్. మీరు మీ పేరుతో పరీక్షిస్తారు, క్రాన్ చాలాసార్లు రూట్ (నిర్వాహక యూజర్) పేరుతో నడుపుతుంది. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ వెతికేది రూట్ హోమ్‌లోని కీని (పాస్‌వర్డ్‌కు బదులు వాడే ఫైలు), రూట్ హోమ్‌లోని నోన్ హోస్ట్స్ ఫైలును (గుర్తించిన సర్వర్ల జాబితా). ఆ ఫైలులో సర్వర్ పేరు లేకపోతే, ఈ సర్వర్‌ను నమ్మమంటారా అని ఎస్‌ఎస్‌హెచ్ అడగాలని చూస్తుంది, జవాబు చెప్పడానికి టెర్మినల్ లేదు కాబట్టి హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని చెప్పి నిష్క్రమిస్తుంది. మీ కీకి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య వాక్యం) ఉండి, పగలు తెరిచిన కీని ఏజెంట్ అనే నేపథ్య ప్రోగ్రామ్ గుర్తుంచుకుంటుంటే, ఆ ఏజెంట్ సాకెట్ చిరునామా మీ సెషన్ వేరియబుల్‌లో మాత్రమే ఉంటుంది, క్రాన్‌కు అందదు. బ్యాకప్ కోసం పాస్‌ఫ్రేజ్ లేని కీని విడిగా తయారు చేసి, ఆ కీతో ఏ కమాండ్ నడవవచ్చో సర్వర్ వైపు ఆథరైజ్డ్ కీస్ (లాగిన్‌కు అనుమతించిన కీల జాబితా) ఫైలులోనే కట్టడి చేయడం నా దృష్టిలో సరైన మార్గం.

పరీక్షను కూడా క్రాన్ పరిస్థితుల్లోనే చేయాలి. ముందు క్రాన్ నడిపే యూజర్‌గా మారి, ఎన్వ్ కమాండ్‌కు హైఫన్ ఐ ఇచ్చి పర్యావరణం మొత్తాన్ని ఖాళీ చేసి, హోమ్, పాత్ అనే రెండింటిని మాత్రమే చేత్తో పెట్టి, ఎస్‌హెచ్‌తో స్క్రిప్ట్‌ను నడపండి. రాత్రి వచ్చే ఎర్రర్ సాధారణంగా అక్కడే, మీ కళ్ల ముందే వస్తుంది. దానితో పాటు స్క్రిప్ట్‌లోని ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ పిలుపుకూ బ్యాచ్‌మోడ్ ఎస్ అనే ఆప్షన్ జోడించండి. ఏదైనా అడగవలసి వస్తే ఎస్‌ఎస్‌హెచ్ అడగకుండా వెంటనే విఫలమవుతుంది, రాత్రంతా వేలాడుతూ ఉండదు.

ఒక చిన్న అక్షరం గురించి కూడా చెప్పాలి. క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల జాబితా) లైనులో పర్సెంట్ గుర్తు కొత్త లైనుగా మారిపోతుంది. ఫైలు పేరులో తేదీ పెట్టడానికి డేట్ కమాండ్‌ను నేరుగా క్రాన్‌టాబ్‌లో రాస్తే, ఆ గుర్తు దగ్గరే కమాండ్ తెగిపోతుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా ఆ తతంగమంతా స్క్రిప్ట్ లోపలికి మార్చాలి. రెండోదే మేలు.

పోర్టు తలుపు దగ్గర

కనెక్షన్ రిఫ్యూజ్డ్, కనెక్షన్ టైమ్డ్ ఔట్ అనే రెండు సందేశాలను ఒకటిగా చూడడం చాలా తరచుగా జరిగే పొరపాటు. రిఫ్యూజ్డ్ అంటే సాధారణంగా మీ ప్యాకెట్ అవతలి యంత్రం దాకా వెళ్లింది, అక్కడ ఆ పోర్టులో వినేవారు లేరని జవాబు కూడా వచ్చింది. సర్వీసు ఆగిపోయిందా, పోర్టు నంబరు మారిందా అన్నవి చూడాలి. టైమ్డ్ ఔట్ అంటే జవాబే రాలేదు, దారిలో ఏదో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను మౌనంగా పారేస్తోంది లేదా ఆ యంత్రమే నడవడం లేదు. లినక్స్ తన డిఫాల్ట్ ప్రకారం మొదటి ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది కాబట్టి, వదులుకోవడానికి సుమారు 130 సెకన్లు పడుతుంది. లాగ్‌లో రెండు నిమిషాలు కాస్త దాటిన ఖాళీ కనిపిస్తే అది ఇదే. నో రూట్ టు హోస్ట్ అన్న సందేశం చూసి రూటింగ్ టేబుల్ మీద పడకండి, అవతలి ఫైర్‌వాల్ అనుమతి లేదని తిప్పికొట్టినప్పుడు కూడా అదే సందేశం వస్తుంది.

పోర్టును విడిగా పరీక్షించడానికి ఎన్‌సీ కమాండ్‌కు హైఫన్ వి, హైఫన్ జెడ్ ఇచ్చి, సర్వర్ పేరు, పోర్టు నంబరు రాస్తే చాలు. పింగ్ (యంత్రం పలుకుతుందో లేదో చూసే కమాండ్) మీద ఆధారపడకండి, పింగ్‌కు జవాబివ్వని సర్వర్లు ఎన్నో ఉన్నాయి. పేరుకు కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్ కూడా ఉండి, ఆ దారి సగంలోనే మూసుకుపోయి ఉంటే, ప్రతి రాత్రీ స్క్రిప్ట్ ముందు ఆ దారినే పట్టి సమయం పోగొట్టుకుంటుంది. హైఫన్ 4 ఇచ్చి పాత తరహా ఐపీవీ4తో మాత్రమే ప్రయత్నిస్తే ఈ సంగతి తేలిపోతుంది.

ఒక్కోసారి తలుపు మూయించేది మన స్క్రిప్టే. పాస్‌వర్డ్ మారిన సంగతి తెలియక, నిమిషానికోసారి మళ్లీ ప్రయత్నించే స్క్రిప్ట్‌ను ఫెయిల్2బ్యాన్ వంటి కాపలా ప్రోగ్రామ్ దాడిగా భావిస్తుంది. దాని డిఫాల్ట్ అమరికలో 10 నిమిషాల్లో 5 వైఫల్యాలకు 10 నిమిషాల నిషేధం ఉంటుంది. మొదటి కొన్ని లైన్లలో లాగిన్ ఎర్రర్, ఆ తరువాత హఠాత్తుగా కనెక్షన్ ఎర్రర్ కనిపించడం దీని ఆనవాలు. కాబట్టి మళ్లీ ప్రయత్నించే వ్యవధిని ప్రతిసారీ రెట్టింపు చేయాలి, లాగిన్ తిరస్కారమైతే అసలు మళ్లీ ప్రయత్నించకూడదు. తప్పు పాస్‌వర్డ్ పదోసారికి ఒప్పయిపోదు.

చాలా యంత్రాలు ఒకే బ్యాకప్ సర్వర్‌కు సరిగ్గా 2 గంటలకు ఫైళ్లు పంపే చోట ఇంకొకటి జరుగుతుంది. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో మాక్స్‌స్టార్టప్స్ డిఫాల్ట్ 10:30:100. ఇంకా లాగిన్ కాని కనెక్షన్లు 10కి చేరగానే కొత్తవాటిలో నూటికి 30 వంతున యాదృచ్ఛికంగా తిరస్కరించడం మొదలుపెట్టి, 100కు చేరేసరికి అన్నింటినీ తిరస్కరిస్తుంది. రోజుకో యంత్రం విఫలమవుతూ, ఏ రెండు రోజులూ ఒకే యంత్రం కాకపోతే దీన్ని అనుమానించండి. ఒక్కో యంత్రానికి కొన్ని నిమిషాల తేడా పెడితే సమస్య పోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దగ్గర

పర్మిషన్ డినైడ్ వస్తే, ఎస్‌ఎస్‌హెచ్‌కు హైఫన్ వి మూడుసార్లు ఇచ్చి నడపండి. ఏ కీని చూపింది, సర్వర్ ఏమంది అన్నవి వరుసగా కనిపిస్తాయి. మన వైపు కనిపించేది సగమే, అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600, దాన్ని ఉంచిన డైరెక్టరీకి 700 అనుమతులు ఉండాలి, హోమ్ డైరెక్టరీలో ఇతరులకు రాసే హక్కు ఉండకూడదు. ఎవరో హోమ్ డైరెక్టరీకి 777 (అందరికీ అన్ని హక్కులు) పెట్టిన రోజు నుంచి కీ పనిచేయడం మానేస్తుంది, క్లయింట్ వైపు దానికి కారణం ఒక్క ముక్క కూడా కనిపించదు. ఏజెంట్‌లో అరడజనుకు పైగా కీలు ఉంటే, సరైన కీ వంతు వచ్చేలోపే సర్వర్ అనుమతించే 6 ప్రయత్నాలు అయిపోతాయి. ఐడెంటిటీస్ఓన్లీ ఆప్షన్ పెట్టి ఏ కీ వాడాలో స్పష్టంగా చెబితే ఇది ఉండదు.

ఒక వైపు సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడే కీ చెల్లకపోతే, 2021లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.8ను గుర్తుచేసుకోండి. ఎస్‌హెచ్ఏ-1 అనే పాత లెక్క పద్ధతితో చేసే ఆర్ఎస్ఏ కీ సంతకాలను ఆ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా నిలిపివేశారు. ఆర్ఎస్ఏ కీ చెడిపోయినట్టు కాదు, అవతలి పాత సర్వర్‌కు కొత్త సంతకం పద్ధతి తెలియదు, అంతే. దాన్ని అప్‌గ్రేడ్ చేయడమో, ఈడీ25519 అనే వేరే రకం కీకి మారడమో శాశ్వత పరిష్కారం.

హోస్ట్ కీ (సర్వర్ గుర్తింపు) మారిందని పెద్ద హెచ్చరిక వస్తే, తనిఖీనే నిలిపివేసే ఆప్షన్ పెట్టి ముందుకు సాగకండి. మీ దగ్గరున్న మొత్తం సమాచారాన్ని ఆ సర్వర్ చేతిలో పెట్టబోతున్నారు. సర్వర్ నిజంగానే మళ్లీ ఇన్‌స్టాల్ అయిందేమో నిర్వాహకులను వేరే మార్గంలో అడిగి, ఆ కీ వేలిముద్రను (దాని సంక్షిప్త గుర్తు) పోల్చిచూసుకుని, ఆ తరువాతే పాత నమోదును తీసేయండి.

లాగిన్ అయ్యాక, రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్ అని ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఫైల్ బదిలీ), ఈజ్ యువర్ షెల్ క్లీన్ అని ఆర్‌సింక్ ఫిర్యాదు చేస్తే, సర్వర్‌లోని బ్యాష్ఆర్‌సీ (బ్యాష్ మొదలయ్యేటప్పుడు చదివే) ఫైలును తెరవండి. ఎవరో అందులో ఒక స్వాగత వాక్యాన్ని ఎకో చేయించి ఉంటారు. ప్రోటోకాల్ డేటా రావలసిన చోట ఆ వాక్యం రావడంతో, దాని మొదటి నాలుగు అక్షరాలను ఎస్‌ఎఫ్‌టీపీ సందేశం పొడవుగా లెక్కపెట్టి బెదిరిపోతుంది. టెర్మినల్ ఉన్నప్పుడే ఆ వాక్యం ముద్రించేలా షరతు పెడితే చాలు.

ఎఫ్‌టీపీలో రెండు దారులు

ఎఫ్‌టీపీ (పాత ఫైల్ బదిలీ పద్ధతి) వాడక తప్పనివారు ఒక సంగతి మనసులో ఉంచుకోవాలి. ఆదేశాలు 21వ పోర్టులోని ఒక కనెక్షన్‌లో, ఫైళ్లు ప్రతిసారీ కొత్తగా తెరిచే వేరొక కనెక్షన్‌లో వెళ్తాయి. లాగిన్ అయిపోయి, ఫైళ్ల జాబితా అడగ్గానే ఆగిపోతే, తెరుచుకోనిది ఆ రెండో దారి. యాక్టివ్ పద్ధతిలో సర్వరే మీ వైపు కనెక్షన్ తెరుస్తుంది, మీ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది, 425 అనే కోడ్ వస్తుంది. ఆ రెండో కనెక్షన్‌ను కూడా మీ వైపు నుంచే తెరిచే ప్యాసివ్‌కు మారడం మొదటి చికిత్స.

ప్యాసివ్‌లోనూ ఆగితే లాగ్‌లో 227తో మొదలయ్యే లైనును వెతకండి. దాని చివర ఆరు సంఖ్యలు ఉంటాయి. ఉదాహరణకు 192,168,1,10,195,80 అని ఉందనుకుందాం. మొదటి నాలుగూ అడ్రస్. చివరి రెండూ పోర్టు: 195ను 256తో గుణించి 80 కలిపితే 50000. అంటే 192.168.1.10 అనే అడ్రస్‌లో 50000 పోర్టుకు రమ్మని సర్వర్ చెబుతోంది. అది లోపలి నెట్‌వర్క్ అడ్రస్, బయటి నుంచి ఎవరూ చేరలేరు. సర్వర్ తన బయటి అడ్రస్‌ను ప్రకటించేలా నిర్వాహకులు అమర్చాలి, ప్యాసివ్ పోర్టుల శ్రేణిని ఫైర్‌వాల్‌లో తెరవాలి. ఆ అడ్రస్‌ను పట్టించుకోకుండా మొదటి కనెక్షన్ అడ్రస్‌కే వెళ్లే క్లయింట్లు కొన్ని ఉన్నాయి. అందుకే ఒక ప్రోగ్రామ్‌తో పనిచేసినది ఇంకొకదానితో పనిచేయకపోవచ్చు. సాదా ఎఫ్‌టీపీ నుంచి ఎన్‌క్రిప్షన్ ఉన్న ఎఫ్‌టీపీఎస్‌కు మారిన రోజే ఇది మొదలైతే ఆశ్చర్యపడకండి, ఇన్నాళ్లూ ఆ 227 లైనును చదివి దారి తెరిచిపెట్టిన ఫైర్‌వాల్‌కు ఎన్‌క్రిప్షన్ వచ్చాక ఆ లైను కనబడదు.

నేను చూసుకునే ఒక బ్యాకప్‌లో వారం రోజులు వెతికించిన లోపం వేరొకటి. చిన్న ఫైళ్లు వెళ్లేవి. పెద్ద ఆర్కైవ్ మాత్రం ప్రతి రాత్రీ టైమ్‌ఔట్‌తో విఫలమయ్యేది, అయితే సర్వర్‌లో చూస్తే ఫైలు పూర్తిగా, బైటు తేడా లేకుండా ఉండేది. స్క్రిప్ట్ దాన్ని వైఫల్యంగా లెక్కగట్టి మళ్లీ మొదటి నుంచి పంపేది. చివరికి లాగ్‌లోని సెకన్లే దారి చూపాయి. ఆర్కైవ్ వెళ్తున్నంతసేపూ ఆదేశాల కనెక్షన్ నిశ్శబ్దంగా ఉండడంతో, మధ్యలోని రౌటర్ దాన్ని చనిపోయినదిగా భావించి తన పట్టిక నుంచి తీసేసింది. పని పూర్తయిందని సర్వర్ పంపిన 226 జవాబు మాకు చేరే దారి లేకుండా పోయింది. లినక్స్‌లో టీసీపీ కీప్అలైవ్ (మౌనంగా ఉన్న కనెక్షన్‌ను పలకరించే ఏర్పాటు) డిఫాల్ట్‌గా 7200 సెకన్ల మౌనం తరువాత కానీ కదలదు, అది కూడా ప్రోగ్రామ్ కోరితేనే. ఆ విలువను 60 సెకన్లకు తగ్గించడంతో ఆ రాత్రే బ్యాకప్ పూర్తయింది. తరువాత ఆదేశాలు, డేటా ఒకే కనెక్షన్‌లో వెళ్లే ఎస్‌ఎఫ్‌టీపీకి మారిపోయాం. మీకు ఎంపిక ఉంటే ముందే అది చేయండి.

వేగంగా మొదలై, మధ్యలో ఆగిపోతే

లాగిన్ అవుతుంది, చిన్న జాబితాలు వస్తాయి, పెద్ద ఫైలు మొదలుకాగానే అంతా స్తంభిస్తుంది. దారిలో ఎక్కడో ప్యాకెట్ పరిమాణం తగ్గి, ఆ సంగతి చెప్పే సందేశాన్ని ఏదో ఫైర్‌వాల్ మింగేస్తున్నప్పుడు కనిపించే లక్షణం ఇది. వీపీఎన్ కొత్తగా వచ్చిన చోట ముందు దీన్నే చూడండి. ముక్కలు చేయవద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపండి, హెడర్ల 28 బైట్లతో కలిపి అది 1500 అవుతుంది. అది వెళ్లకుండా 1400 వెళ్తుంటే ఇంటర్‌ఫేస్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తగ్గించాలి. అవతల పింగ్‌కు జవాబే లేకపోతే, ఎంటీయూను తాత్కాలికంగా 1400కు దించి బదిలీనే నడిపి చూడండి.

ఎస్‌ఎస్‌హెచ్‌కు సర్వర్అలైవ్ఇంటర్వల్ 60 పెడితే, వరుసగా 3 పలకరింపులకు జవాబు లేనప్పుడు తానే ముగుస్తుంది. ఆర్‌సింక్‌కు డిఫాల్ట్‌గా గడువే లేదు కాబట్టి టైమ్‌ఔట్ ఆప్షన్ తప్పనిసరిగా ఇవ్వాలి. ఇవి ఉన్నా, మొత్తం కమాండ్‌ను టైమ్‌ఔట్ అనే ప్రోగ్రామ్ కింద నడపడం మంచిది, గడువు దాటితే 124 కోడ్ వస్తుంది. నిన్నటి బ్యాకప్ ఇంకా వేలాడుతుండగా ఈరోజుది మొదలైతే రెండూ ఒకే ఫైలు మీద పడతాయి, ఎఫ్‌లాక్‌తో తాళం వేసి దాన్ని ఆపాలి. సర్వర్ 552 ఇస్తే, లేదా ఎప్పుడూ ఒకే పరిమాణం దగ్గర బదిలీ ఆగుతుంటే, నెట్‌వర్క్‌ను వదిలి డిస్క్ కోటా చూడండి. డిస్క్ లెక్క చెప్పే డీఎఫ్ కమాండ్ ఖాళీ చూపుతున్నా ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున డిస్క్ ఉంచే నమోదులు) అయిపోయి ఉండవచ్చు, హైఫన్ ఐ ఇస్తే తెలుస్తుంది.

సరిచేశాక

ఎర్రర్ రాకపోవడాన్ని విజయంగా తీసుకోకండి. స్క్రిప్ట్ ఫైలును తాత్కాలిక పేరుతో పంపాలి, రెండు వైపులా ఎస్‌హెచ్ఏ-256 మొత్తాన్ని (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తు) పోల్చాలి, సరిపోయాకే అసలు పేరుకు మార్చాలి. షెల్ లేని ఎఫ్‌టీపీ సర్వర్‌లో కనీసం పరిమాణమైనా పోల్చాలి, బదిలీ బైనరీ పద్ధతిలోనే జరిగేలా చూసుకోవాలి. ఆస్కీ (టెక్స్ట్) పద్ధతిలో వెళ్లిన ఆర్కైవ్ లైన్ ముగింపులు మారిపోయి విప్పడానికి పనికిరాకుండా పోతుంది. ఆ తరువాత, పరీక్ష కోసం మార్చినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసి, ఏ ఒక్కటి తీసినప్పుడు లోపం తిరిగి వస్తుందో చూసి, ఆ ఒక్కదాన్నే ఉంచి, కారణాన్ని, తేదీని స్క్రిప్ట్‌లో ఆ లైను పక్కనే కామెంట్‌గా రాయండి. మరుసటి రాత్రి క్రాన్ దానంతట అదే నడిపిన బదిలీ లాగ్‌ను ఉదయం చదివి, సర్వర్ నుంచి ఒక ఫైలును వెనక్కి తెచ్చి విప్పి చూశాకే ఈ పనిని ముగించండి.